పిగిలిపిట్టకు ఊరంతా ఇల్లే

దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల చప్పుడు మొదలవక ముందే గొంతు విప్పే పిట్ట ఒకటుంది. కరెంటు తీగ మీద, కానుగ కొమ్మ మీద, మిద్దె పిట్టగోడ మీద, ఎక్కడ చూసినా అదే. తల నల్లన, నెత్తిన చిన్న జుట్టు, తోక మొదట్లో కింద ఎర్రటి మచ్చ. ఎగిరినప్పుడు నడుం మీద తెల్లటి పట్టీ కూడా కనబడుతుంది, ఈసారి సరిగ్గా చూడండి. అదే పిగిలిపిట్ట. మొన్న మా మనవరాలు దాన్ని చూపించి అడిగింది, "తాతా, పిట్టలు ఇన్ని ఉన్నాయంటే మన ఊళ్ళో చెట్టూ చేమా, పురుగూ పుట్రా అన్నీ బాగున్నట్టేగా?" అని.

మంచి ప్రశ్న. అయితే దీనికి జవాబు పిట్టనొక్కదాన్నే అడిగితే దొరకదురా పిల్లలూ. ఇక్కణ్ణుంచి యలహంక పోయే దారిలో రాజానుకుంటె ఉంది కదా, హిందూపురం నుంచి బెంగళూరు రైల్లో వచ్చేవాళ్ళు కిటికీలోంచి చూసే చిన్న స్టేషను, ఆ చుట్టుపక్కల దొరికిన ఒక కప్పను కూడా పిలిచి అడగాలి.

ఆ కప్ప సంగతి ముందు చెబుతాను. 2020లో జూటాక్సా అనే శాస్త్ర పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పి. దీపక్, కె.పి. దినేశ్, వాళ్ళతోపాటు ఇంకొందరు, పారిస్ మ్యూజియం నుంచి ఆనెమరీ ఓలర్ గారితో సహా, కలిసి రాశారు. బెంగళూరు శివార్లలో దొరికిన ఈ కప్ప అంతవరకూ ఎవరూ పేరు పెట్టని కొత్త జాతి అని, ఒంటి కొలతలూ డి.ఎన్.ఏ. రెండూ పోల్చి చూసి తేల్చారు. స్ఫేరోథీకా బెంగళూరు అని ఊరి పేరే పెట్టారు. ఎక్కడో సహ్యాద్రి అడవిలో, జలపాతం పక్కన దొరికి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఇది దొరికింది రియల్ ఎస్టేటు బోర్డులు నాటుకుంటూ వస్తున్న నేలలో. కోటిమందికి పైగా ఉన్న నగరం అంచున, మన కాళ్ళ కింద మట్టిలో, పేరైనా లేకుండా ఇన్నాళ్ళూ బతికిందన్నమాట.

కప్పల చదువు బెంగళూరుకి కొత్తేమీ కాదు. సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన సి.ఆర్. నారాయణరావు గారని ఒక మహానుభావుడు ఉండేవారు. 1932లో కరెంట్ సైన్స్ పత్రిక మొదలైతే దానికి తొలి సంపాదకుడు ఆయనే. 1937లో మలెనాడు నుంచి తెచ్చిన కొత్త కప్పల్ని ఆయన లోకానికి చూపించారు. మూడిగెరె దగ్గరి కొట్టిగెహార పేరుతో ఉన్న నాట్యకప్ప వాటిలో ఒకటి. హోరుమనే సెలయేటి పక్కన దాని పిలుపు ఒక్కటీ చాలదని, మగకప్ప వెనక కాలు చాపి, వేళ్ళు విప్పి ఊపుతుంది. ఆ జాతిని చాలా ఏళ్ళు అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి వరుసలో ఉంచారు. నారాయణరావు గారు కష్టపడి పోగుచేసిన మూల నమూనాలు మాత్రం తర్వాత కనబడకుండా పోయాయి. ఆయన చూసిన కప్ప ఏదో, ఇప్పుడు కొండల్లో దొరికేది అదేనా కాదా అని తర్వాతి తరం వాళ్ళు నానా తంటాలు పడి తేల్చుకోవాల్సి వచ్చింది. నాకైతే తలుచుకున్నప్పుడల్లా బాధగా ఉంటుంది. ఆ చేతులు ఎంత ఓపికగా సీసాల మీద చీటీలు అంటించి ఉంటాయో!

ఇక మన రాజానుకుంటె కప్ప దగ్గరికి వద్దాం. ఈ వంశం కప్పలన్నీ మట్టిని తవ్వుకుని లోపలికి పోయేవే. వెనక పాదం లోపలి వైపు ఒక బొడిపె ఉంటుంది. అంచు పలచగా, గట్టిగా, మట్టిని కోయడానికి అనువుగా ఉంటుంది. కప్ప ముందుకు తవ్వదు. కూర్చున్నచోటే వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఇటూ అటూ తిప్పుతూ, మట్టిని పక్కలకు తోస్తూ, వెనక్కి వెనక్కి దిగబడుతుంది. ముందు నడుం మునుగుతుంది, తర్వాత భుజాలు, ఆఖర్న కళ్ళు. కళ్ళు కూడా మూసుకుని లోపలికి జారాక పైన మట్టి కలిసిపోతుంది. ఆ చోట కప్ప ఉందని మీరు నేను చెప్పలేం.

అలా లోపలికి పోయి ఏం చేస్తుందంటారా? ఊరికే ఉంటుంది. వానలు వెనక్కి తగ్గిన దగ్గర్నుంచి ముంగారు వానలు పడేదాకా నెలల తరబడి తిండి లేకుండా, కదలకుండా, ఒంట్లో ఖర్చు బాగా తగ్గించుకుని ఉంటుంది. మూత్రాశయంలో నీళ్ళు దాచుకుని వాటినే మళ్ళీ ఒంట్లోకి లాక్కోగలవు ఇలాంటి కప్పలు. చుట్టూ మట్టిలో మిగిలిన చెమ్మ కూడా అక్కరకొస్తుంది. పిగిలిపిట్టకి ఇది సాధ్యమయ్యే పనేనా? దాని ఒంటి వేడి నలభై డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఆ వేడి నిలవాలంటే తెల్లారిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా తింటూనే ఉండాలి. రెండు మూడు రోజులు తిండి దొరక్కపోతే పిట్ట చచ్చిపోతుంది. కప్ప ఒంటి వేడి చుట్టూ ఉన్న నేలను బట్టే ఉంటుంది, దానికి పొయ్యి రాజేసే ఖర్చు లేదు. అందుకే చిన్న మెతుకుతో పెద్ద కరువు దాటుతుంది. కరువుసీమల్లో బతకడానికి ఇంతకన్నా గట్టి ఏర్పాటు ఇంకోటి నాకు కనబడలేదు. కాబట్టి ప్రపంచంలో కప్పలు తగ్గిపోతున్నాయంటే కప్ప బలహీనమైనది కనకే అనుకోవద్దు. ఓర్పులో పిట్ట దాని కాలి గోటికి చాలదు.

మరి ఇంత ఓర్పున్నది ఎందుకు తగ్గిపోతోంది, రెండు రోజులు ఆకలికి ఓర్వలేనిది ఎందుకు పెరిగిపోతోంది? అసలు సంగతి చర్మంలో ఉంది.

పిట్టకి ఈకలున్నాయి, కాళ్ళ మీద పొలుసులున్నాయి. ఒంట్లో నీళ్ళు లోపలే ఉంటాయి, బయటి సరుకు అంత సులువుగా లోపలికి రాదు. కప్ప చర్మం కొత్త మట్టికుండ లాంటిది, నీళ్ళు లోపలికీ బయటికీ ఊరుతూనే ఉంటాయి. కప్ప నోటితో నీళ్ళు తాగదు, ఎప్పుడైనా గమనించారా? తడి నేల మీద కూర్చుంటుంది. తొడల మధ్య, పొట్ట కింద ఉండే పలచటి చర్మం గుండా నీటిని పీల్చుకుంటుంది. గాలిలో ప్రాణవాయువు కూడా కొంత చర్మం గుండానే తీసుకుంటుంది. మరి ఆ నేలలో పురుగుమందు ఉంటే? అదీ లోపలికి పోతుంది. పిట్ట అయితే మందు కొట్టిన తోట వదిలి పక్క తోటకి ఎగిరిపోతుంది. కప్ప కూర్చున్న నేలే దాని నీళ్ళ బిందె, దాని పక్క కూడా.

ఈ చర్మం దారినే ఇంకో ఆపద వచ్చింది ప్రపంచంలో. కైట్రిడ్ అనే ఒక రకం బూజు. అది చర్మంలో చేరితే ఉప్పుల లెక్క తప్పుతుంది, చివరికి గుండె ఆగిపోతుంది. ఈ జబ్బు వల్ల కనీసం 501 జాతులు తగ్గిపోయాయనీ, వాటిలో 90 పూర్తిగా అంతరించాయనీ 2019లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఆస్ట్రేలియా, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఎక్కువగా దెబ్బతిన్నాయి. మన సహ్యాద్రిలోనూ ఆ బూజు జాడలు కనబడ్డాయి, అయితే అక్కడిలాగా మూకుమ్మడి చావులు ఇక్కడ నమోదు కాలేదు. 2023 అక్టోబరులో నేచర్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, పరిశీలించిన 8,011 ఉభయచర జాతుల్లో వందకి 41 దాకా ప్రమాదంలో ఉన్నాయి. పక్షుల్లో ఆ సంఖ్య ఎనిమిదింట ఒకటి.

పిగిలిపిట్ట అయితే ఎక్కడికి తీసుకెళ్ళినా బతుకుతుంది. చెరకు తోటల్లో పనికని ఓడలెక్కి పోయిన మన దేశపు కూలీలతో పాటు 1903 ప్రాంతంలో ఫిజీ దీవులకి చేరింది. మద్రాసు రేవు నుంచి తెలుగువాళ్ళూ తమిళులూ అక్కడికి వెళ్ళడం మొదలైందీ ఆ ఏడే. తర్వాత సమోవా, టోంగా, హవాయి దీవుల్లోనూ స్థిరపడింది. అక్కడి పండ్ల తోటలు పాడుచేస్తూ, కలుపు మొక్కల గింజలు చల్లుతూ, ప్రపంచంలోకెల్లా ఎక్కువ హాని చేసే నూరు పరాయి జీవుల జాబితాలోకి ఎక్కింది! మన వాకిట్లో ముద్దుగా కూర్చునే పిట్టేనా ఇది అనిపిస్తుంది. పండు దొరికితే పండు, పురుగు దొరికితే పురుగు, పూలలో తేనె, గోడ పక్కన పెరిగిన లాంటానా పళ్ళు, ఏదైనా సరే దానికి. గూడు కూడా పొదలోనే అని పట్టుబట్టదు, బాల్కనీలో వేలాడే పూలకుండీ చాలు. రెండో మూడో గుడ్లు, పద్నాలుగు రోజులు పొదగడం, ఇంకో రెండు వారాల్లోపు పిల్లలు గూడు దాటడం. నెల తిరిగేసరికి కాపురం ఒక విడత పూర్తి.

కప్ప కాపురం అలా కాదు. దానికి రెండు చోట్లు కావాలి, రెండూ పక్కపక్కనే ఉండాలి. ఏడాదిలో ఎక్కువకాలం దాక్కోడానికి గుల్ల మట్టి కావాలి. గుడ్లు పెట్టడానికి కొన్ని వారాలైనా నిలిచే వాననీటి గుంట కావాలి. పెద్ద చెరువు దీనికి అంత పనికిరాదు, అందులో తోకకప్పల్ని మింగే చేపలుంటాయి. ఎండాకాలం ఎండిపోయే గుంటలో చేపలుండవు, అందుకే అది కావాలి. గుంట ఎండేలోపు తోకకప్పకి కాళ్ళు రావాలి, తోక కరగాలి, ఊపిరితిత్తులు పనిచేయాలి, గట్టెక్కాలి. మట్టిని సిమెంటుతో కప్పినా, గుంటను పూడ్చినా, రెండింటి మధ్య గోడ కట్టినా ఆ కాపురం అంతటితో సరి.

ఇంక పాట. రెండూ పాడతాయి, కానీ పాడే తీరు వేరు. పిట్ట గొంతుపెట్టె మనలాగా పైన ఉండదు. గాలిగొట్టం ఛాతీలో రెండుగా చీలే చోట ఉంటుంది. రెండు పాయల్నీ వేరువేరుగా ఆడించగలదు. పైగా పాడే పిట్టల పిల్లలు పెద్దవాటిని విని నేర్చుకుంటాయి. నేర్చుకునేవాళ్ళు మార్చుకోనూ గలరు కదా! హాలెండులో లైడెన్ నగరంలో ఒక చిన్న పాడే పిట్ట మీద చేసిన పరిశీలన 2003లో వచ్చింది. బండ్ల రొద ఎక్కువున్న వీధుల్లో అవి సన్నటి గొంతుతో పాడుతున్నాయట. మోటార్ల మోత లావు గొంతు కనక దాని కింద తమ పాట మునిగిపోకుండా చూసుకుంటున్నాయన్నమాట.

కప్పకి నేర్పేవాళ్ళు లేరు. తోకకప్ప తండ్రి పిలుపు విని నేర్చుకోదు, ఆ పిలుపు పుట్టుకతోనే ఒంట్లో ఉంటుంది. మగకప్ప నోరూ ముక్కూ మూసుకుని, ఊపిరితిత్తుల గాలిని గొంతు మీదుగా కింది సంచిలోకి తోస్తుంది, సంచి ఉబ్బుతుంది, గాలి మళ్ళీ వెనక్కి పోతుంది. అదే గాలి తిరిగి తిరిగి పిలుపు అవుతుంది. ఒక్కో జాతికి ఒక్కో పిలుపు, ఆడకప్ప తన జాతి పిలుపునే వెతుక్కుంటూ వస్తుంది. ఆ పిలుపు వినబడకపోతే ఆ ఏడాది సంతానమే లేదు. దేవనహళ్ళి విమానాలు, హైవే లారీలు, జనరేటర్లు రాత్రంతా మోగుతుంటే పిట్టకంటే కప్పకే ఎక్కువ ఇబ్బంది.

అన్ని పిట్టలూ పిగిలిలాంటివే అనుకోకండి. దీని చుట్టం ఒకటి మనకి దగ్గర్లోనే నంది కొండల మీద ఉంది. పసుపు గొంతు, ఆకుపచ్చ బూడిద కలిసిన ఒళ్ళు. కొండ పొద పిగిలి అంటారు. 1845లో జెర్డన్ దొర దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. పెద్ద పెద్ద రాతిగుండ్లు, వాటి మధ్య ముళ్ళపొదలు ఉన్న కొండవాలు తప్ప దానికి ఇంకో చోటు పట్టదు. మన హార్స్‌లీ కొండ మీదా ఉంది. ఆ గుండ్లని క్వారీ వాళ్ళు పగలగొట్టి కంకర చేస్తుంటే ఈ పిట్ట ఎక్కడికి పోవాలి? అందుకే అది ప్రమాదం అంచున ఉన్నవాటి జాబితాలో ఉంది. రెక్కలుండి కూడా ఒక్క చోటుకే కట్టుబడితే ఇదే గతి. రాజానుకుంటె కప్పకు ఆ కట్టుబాటూ ఉంది, రెక్కలూ లేవు.

మనవరాలి ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెబుతాను. పిగిలిపిట్టలు ఎక్కువున్నాయంటే, పిగిలిపిట్టకు కావలసినవి ఉన్నాయని మాత్రమే అర్థం. అది అంతవరకే చెప్పగలదు. నేల సంగతి, నీటి సంగతి నేలలో ఉండేదాన్నే అడగాలి. మన అర్కావతి నది నంది కొండల్లో పుట్టి ఈ తాలూకా మీదుగానే హెసరఘట్టకి పోవాలి. అక్కడ 1894లో కట్టిన జలాశయం బెంగళూరుకి కుళాయి నీళ్ళిచ్చింది. ఆ నది ఇప్పుడు ఏ తీరున ఉందో మీరే చూస్తున్నారు. దొడ్డతుమకూరు, చిక్కతుమకూరు చెరువుల్లోకి ఊరి మురుగూ ఫ్యాక్టరీ నీళ్ళూ వస్తున్నాయని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. ఆ గట్ల మీద కూడా పిగిలిపిట్టలు హాయిగా పాడుతూనే ఉంటాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే సంగతి ఒకటుంది. ఫిబ్రవరిలో దేశమంతా పెరటి పిట్టల లెక్క తీస్తారు, బైనాక్యులర్లు పట్టుకుని పిల్లలూ పెద్దలూ బయల్దేరతారు. చాలా మంచి పని. ఆ ఫిబ్రవరిలో కప్పలన్నీ ఎక్కడున్నాయి? మట్టిలో. లేఔటు వేసేవాళ్ళు స్థలం చూడ్డానికి వచ్చేదీ అలాంటి ఎండాకాలంలోనే. గోమాళమో, ఖరాబు నేలో, గడ్డి ఎండిపోయి, గుంట పగుళ్ళు బారి ఉంటుంది. "ఇక్కడేముంది, ఉత్త బీడు" అంటారు. జేసీబీ దించుతారు. ఆ అడుగున నిద్రపోతున్న వందల ప్రాణాలు ఎవరి లెక్కలోనూ ఉండవు. జూన్ నెలలో వాన పడ్డ రాత్రి వచ్చి అదే మాట అనమనండి చూద్దాం! నేల మీద ఏదైనా కట్టే ముందు చేసే పరిశీలన వానాకాలంలో, రాత్రిపూట, ఒక్కసారైనా జరగాలి. లేకపోతే అది పరిశీలన కిందకి రాదని నా గట్టి నమ్మకం.

బీడు అనుకున్న నేలకి విలువ కట్టిన సందర్భమూ ఒకటి మన పక్కనే ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. హెసరఘట్ట గడ్డిమైదానాన్ని కాపాడాలని ఎంతోమంది ఏళ్ళకేళ్ళు పోరాడారు. 2021లో ఆ ప్రతిపాదనని పక్కన పెట్టేశారు. వాళ్ళు వదల్లేదు. చివరికి 2024లో 5,600 ఎకరాలకి పైగా నేలను కన్సర్వేషన్ రిజర్వుగా ఉంచడానికి రాష్ట్ర వన్యప్రాణి మండలి ఒప్పుకుంది. చెట్లు లేని నేలను కూడా అడవంత జాగ్రత్తగా చూసుకోవాలని ఒప్పించడం చిన్న విషయం కాదు.

మీరేం చేయొచ్చు అంటారా? కొత్త ఇల్లు కట్టేటప్పుడు నాలుగు గోడల మధ్యా పూర్తిగా సిమెంటు పోయకుండా ఒక మూల మట్టి వదిలేయమని మీ నాన్నతో గొడవ పెట్టుకోండి. బడి పక్కన వాననీళ్ళు నిలిచే గుంటలో చెత్త పోసి పూడ్చనివ్వకండి. దోమలు వస్తాయని పెద్దవాళ్ళు అంటే, తోకకప్పలూ తూనీగ పిల్లలూ ఉన్న గుంటకీ, ఇంటి మీద మూత లేని నీళ్ళ ట్యాంకుకీ తేడా చూపించండి.

మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి ఎనిమిది దాటాక పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని ఆ గుంట దగ్గరికి వెళ్ళండి. టార్చి నేల వైపే వేయండి, పాముల రోజులు కనక బూట్లు తప్పనిసరి. కప్పల పిలుపుల్ని ఫోనులో రికార్డు చేసి, తేదీ, చోటు, టైము పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడాది అదే గుంట దగ్గర మళ్ళీ రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వింటే ఏ గొంతు ఉందో, ఏ గొంతు లేదో మీకే తెలుస్తుంది. కప్పని మాత్రం పట్టుకోవద్దు. దోమల క్రీము, సబ్బు, శానిటైజరు ఏది చేతికి ఉన్నా అది తిన్నగా దాని ఒంట్లోకే పోతుంది.